రాతి నేలల మనుషులు, చెక్క నేల గుడి

మాంట్రియల్‌లో మా ఇంటికి కాస్త దూరంలో ఉన్న చర్చిని అందరూ స్పానిష్ చర్చి అంటారు. మొదట్లో ఆ పేరు వింటే నాకు నవ్వొచ్చేది. కట్టిందేమో ఫ్రెంచివాళ్ళు. గోడల రాయి ఈ చుట్టుపక్కల తవ్వి తీసిందే. గంటల మీది అక్షరాలు కూడా ఫ్రెంచివే. స్పెయిన్ నుంచి వచ్చిందల్లా ఒక్క మరియమాత విగ్రహం, అదీ ఎవరో ఒక కుటుంబం సామానుతో పాటు ఓడలో వచ్చింది. కానీ ఇప్పుడెవరైనా నా ముందు "అది నిజంగా స్పానిష్ చర్చేం కాదులెండి" అన్నారో, అయిపోయారే! చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా వదలను. మా ఆయనైతే ఇంటికొచ్చిన వాళ్ళకి ముందే సైగ చేస్తారు, ఆ చర్చి ఊసెత్తకండి అని.

నేను గుంటూరు వైపు మనిషిని. తాతల నాటి నుంచీ కథోలికులం. ఈ ఊళ్ళో స్ట్రక్చరల్ ఇంజినీరుగా ఉద్యోగం చేసి రిటైరయ్యాను. వంతెనలు, పార్కింగ్ గరాజులు, ఒకటి రెండు ఆసుపత్రి భవనాలు చేశాను. ఆ రోజుల్లో సైటుకి వెళ్తే, నెత్తిన హెల్మెట్ ఉన్నా సరే, ఇంజినీరు గారు ఎప్పుడొస్తారమ్మా అని నన్నే అడిగేవాళ్ళు. వాళ్ళకి సమాధానం చెప్పీ చెప్పీ నాకు నోరు పెరిగిందని మా ఆయన అంటారు. అబద్ధం. నోరు నాకు మా అమ్మ ఇచ్చింది.

తెలుగులో పూజ వినాలంటే టొరంటో పక్కన స్కార్‌బరోలో మా చెల్లెలి ఇంటికి పోవాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు కంటే కుదరదు. నడిచి వెళ్ళగలిగిన గుడే మన గుడి అనుకుని, రిటైరైన ఏడాది చలికాలంలో ఆ స్పానిష్ చర్చిలో అడుగుపెట్టాను. మన పద్ధతిలోనే పెట్టాను. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, ఓ పక్కకి జరిపి, ఊలు మేజోళ్ళతో లోపలికి నడిచాను. చిన్నప్పటి నుంచీ గుడిలో చెప్పులతో తిరిగి ఎరగను. ఇక్కడ ఎవరూ విప్పరని తెలుసు. తెలిసి ఏం లాభం, నా కాళ్ళు వినవు.

గుమ్మంలో పాటల కాగితాలు పంచుతున్న పెద్దావిడ నన్ను ఆపేసింది. ఎనభై దాటిన మనిషి, నల్ల కోటు, నిటారుగా నిలబడింది. చిలీ నుంచి వయసులో ఉన్నప్పుడే వచ్చిందట. ఆ గుడికి ఫాదర్లు వస్తుంటారు, పోతుంటారు. ఆవిడ మాత్రం పోదు. పువ్వులు ఎక్కడ పెట్టాలి, కొవ్వొత్తి ఎవరు వెలిగించాలి, పిల్లల్ని ఎప్పుడు నోరు మూయించాలి, అన్నీ ఆవిడ ఇష్టమే. తన ముక్కల ఫ్రెంచిలో నన్ను అడిగింది, బూట్లు ఎందుకు విప్పావని. నా ముక్కల ఫ్రెంచిలో నేను చెప్పాను, మా వైపు దేవుడింట్లోకి చెప్పులతో పోమని.

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "అయితే ఎడమవైపు ముందుకెళ్ళు. హీటరు అక్కడుంది. నీ కాళ్ళు గడ్డకడితే నాకు చెప్పకు," అంది.

అలా ఎడమవైపు స్తంభం పక్కన నాకో చోటు దొరికింది. ఆ తర్వాత ఎన్ని చలికాలాలు వచ్చినా నా బూట్లు గుమ్మంలోనే, నేను ఆ బెంచీ మీదే.

స్పానిష్ రాదు కాబట్టి మొదటి రోజు ప్రసంగం ఒక్క ముక్క అర్థం కాలేదు. తీరిగ్గా తల పైకెత్తి చూశాను. అందరికీ కప్పు మీద దేవదూతలు కనబడతారు. నాకు ముందు ఆ కప్పు దేని మీద ఆనిందో కనబడుతుంది, అదీ నా రోగం. కమాను కమానుగా, ఎత్తుగా, అచ్చం రాతితో కట్టినట్టే ఉంటుంది. రాయి కాదు. సన్నటి చెక్క పట్టీల మీద వేసిన సున్నం పూత. దాని పైన అటకలో పెద్ద పెద్ద దూలాలతో చేసిన చట్రాలున్నాయి, ఈ కమానంతా వాటికి వేలాడుతోంది. రెండు వరుసల స్తంభాలూ అంతే. చూస్తే ఆకుపచ్చ చారల పాలరాయి. తడితే చెక్క. లోపల ఒక్కో స్తంభానికీ ఒక్కో నిలువెత్తు పైన్ మాను, చుట్టూ పలకలు, పలకల మీద పాలరాతి రంగు. కొందరు ఇది తెలిసి మొహం చిట్లిస్తారు, ఓస్ ఇంతేనా అని. నాకు ఒళ్ళు మండుతుంది. ఇక్కడి వడ్రంగులు చుట్టూ ఉన్న అడవిని చూశారు, తమకి చేతనైన పనేదో ఎరిగి ఉన్నారు, గోడల మీద బరువు పడకుండా చెక్కతో ఆకాశమంత కప్పు లేపారు. ఇందులో మోసం ఏముంది? నేను జీవితంలో అంత తేలికైన, అంత ధైర్యమైన లెక్క వేసి ఎరగను.

పక్కనే ఉన్న ఫాదర్ గారి ఇంట్లో, పూజయ్యాక కాఫీ ఇచ్చేచోట, గుడి చరిత్ర నాకు విడతలు విడతలుగా తెలిసింది. స్పెయిన్ నుంచి మొదట కొద్ది కుటుంబాలు వచ్చాయి. ఎవరిదో గుడి కింద నేలమాళిగలో, మడత కుర్చీల్లో కూర్చుని పూజ చేసుకునేవారట. తర్వాత చిలీలో సైనికుల పాలన వచ్చి అక్కడివాళ్ళు, ఆపైన సాల్వడార్, పెరూ, కొలంబియా వాళ్ళు చేరారు. అదే కాలంలో ఈ పెద్ద గుడికి రావలసిన ఫ్రెంచివాళ్ళు పలచబడ్డారు. బిషప్ గారు తాళాలు వీళ్ళ చేతిలో పెట్టారు. వీళ్ళు వచ్చి ఒక్క ఫ్రెంచి పునీతుడి విగ్రహాన్ని కూడా కదపలేదు. తమ మరియమాతకి ముఖమల్ గౌను తొడిగి, వెండి కిరీటం పెట్టి, పక్క పీఠం మీద నిలబెట్టుకున్నారు, అంతే. పాలరాతి రంగు పెచ్చులూడిపోతే పెద్దావిడ భర్తే దిద్దాడు. ఆయన వృత్తి ఇళ్ళకి రంగులు వేయడం. ఏటా ఈస్టర్ ముందు ఒక్కో స్తంభం ఎక్కి, ఈకలాంటి కుంచెతో చారలు గీసేవాడట. చివరిగా గీసింది నేను కూర్చునే చోటున్న స్తంభం. అది పూర్తిచేసిన ఎండాకాలంలోనే పోయాడు. ఆయన శవపేటికని ఆ స్తంభాల మధ్య నుంచే మోసుకెళ్ళారు. ఆయన్ని నేను చూడలేదు, ఆయన గీతల్ని మాత్రం ప్రతి ఆదివారం చూశాను.

ఇక ఆ గుడిలో నాకు ప్రాణమైనది ఒకటుంది. ఈస్టరుకి వారం ముందొచ్చే మ్రానికొమ్మల ఆదివారానికి ముందు రోజు ఆడవాళ్ళంతా వచ్చి గుడి కడుగుతారు. తుడవడం కాదండోయ్, కడగడం! బకెట్లతో నీళ్ళు తెచ్చి, బెంచీల కిందికి జల్లున పోసి, చీపుళ్ళతో బరబరా తోసి, పాటలు పాడుకుంటూ, ఒకరి మీద ఒకరు చిమ్ముకుంటూ. ముందు నిలబడి మొదటి బకెట్ పోసేది పెద్దావిడే. నా నడుముకి వంగే ఓపిక లేక బెంచీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని చూస్తూ కూర్చునేదాన్ని. ఈ దేశంలో నేలంటే తడిగుడ్డతో ఒత్తడమే కదా. పండగ ముందు మన నాపరాళ్ళ మీద కొట్టినట్టు నీళ్ళు కొట్టి కడగడం మళ్ళీ చూస్తాననుకోలేదు. నా కళ్ళు చెమర్చేవి.

కిందటేడాది ఆకులు రాలే కాలంలో కప్పు నుంచి సున్నం పెళ్ళ ఒకటి ఊడి, ఖాళీ బెంచీ మీద పడింది. ఎడమగోడ పొడుగునా పగులు కనబడింది. బిషప్ గారి ఆఫీసు ఒక ఇంజినీరుని పంపింది. ఆయన చూసి వెళ్ళాక గుడికి తాళం వేశారు. చలికాలం గడిచేసరికి రిపోర్టు వచ్చింది. ఎడమగోడ పునాది కుంగుతోంది, దాన్ని నిలబెట్టడం ఈ విచారణ శక్తికి (ఒక గుడికి చెందిన జనాన్ని మేం విచారణ అంటాం) మించిన పని, శాశ్వతంగా మూసేయడం మంచిది అని. అప్పటికే వీధిలో పుకారు, ఆ స్థలంలో కాండో అపార్ట్‌మెంట్లు లేస్తాయని.

ఫాదర్ గారి ఇంట్లో మీటింగ్ పెట్టారు. హాలు కిక్కిరిసింది. ఇంజినీరు నలభై ఏళ్ళ మనిషి, ఓపికగా, గోడ బొమ్మ చూపిస్తూ చెప్పాడు. అంతా అయ్యాక పెద్దావిడ లేచింది.

"మళ్ళీ తెరుస్తారా, తెరవరా? అదొక్కటి చెప్పండి. మా ఆయన్ని ఆ గుడి నుంచే పంపాను. నన్ను ఎక్కడి నుంచి పంపుతారు?"

ఫాదర్ గారు నేల చూపులు చూశారు. అప్పటిదాకా నేను నా నోటిని ఎలాగో కట్టేసుకుని కూర్చున్నాను గానీ, ఆ రిపోర్టు నా బుర్రకి ఎక్కలేదు. గోడ కుంగితే నేల గోడవైపు వాలాలి. ఇన్నేళ్ళుగా మేజోళ్ళతో నడిచిన కాళ్ళు నావి. ఆ నేల గోడవైపు వాలదు. హీటరు దాటి నా బెంచీకి వస్తుంటే, కాలు సన్నగా స్తంభంవైపు జారుతుంది. ఏటేటా కాస్త ఎక్కువ జారుతోంది. పాత గుడి కదా, చెక్క నేల కదా అని సరిపెట్టుకున్నాను.

లేచి అదే చెప్పాను. గోడ కాదు, స్తంభం కుంగుతోంది, స్తంభంతో పాటు కప్పు వంగి గోడ దగ్గర చీలింది అని.

"మీకెలా తెలుసు మేడమ్?" అన్నాడు ఇంజినీరు.

"నా కాళ్ళకి తెలుసు."

హాల్లో కొందరు నవ్వారు. నాకు తిక్క రేగింది. తిన్నగా వంటగదిలోకి వెళ్ళి ఒక నిమ్మకాయ పట్టుకొచ్చాను. "తాళం తీయండి," అన్నాను. మా ఆయన పక్కనుంచి తెలుగులో మెల్లిగా, "గుడికి దిష్టి తీస్తావుటే?" అన్నారు. "ముందు మీకు తీస్తా, ఉండండి," అన్నాను.

హెల్మెట్లు పెట్టుకుని ఇంజినీరు, ఫాదర్ గారు, పెద్దావిడ, నేను లోపలికి వెళ్ళాం. గోడ వారగా నేల మీద నిమ్మకాయ పెట్టి వదిలాను. ఒక క్షణం ఆలోచించినట్టు ఆగి, గోడకి వీపు తిప్పి, బెంచీల సందులోంచి దొర్లుకుంటూ పోయి స్తంభం మొదట్లో ఆగింది. ఇంజినీరు దాన్ని తీసుకుని ఇంకోచోట నుంచి తనే వదిలాడు. మళ్ళీ స్తంభం దగ్గరికే. అప్పుడు ఆయన పెట్టె తెరిచి, మట్టం చూసే పరికరం తీసి, నా బెంచీ చుట్టూ నేలంతా కొలిచాడు. మంచివాడు. తన లెక్కని తానే అనుమానించగలవాడు, మా వృత్తిలో అంతకంటే పెద్ద గుణం లేదు.

"స్తంభం అడుగు విప్పి చూడాలి. లోపలి మాను దెబ్బతిని ఉంటే మార్చొచ్చు. అది చేయగలిగిన పనే. అప్పుడు గుడి నిలుస్తుంది," అన్నాడు.

పెద్దావిడ వెళ్ళి స్తంభానికి అడ్డంగా నిలబడింది. "ఇది మా ఆయన గీసింది. ఎవరూ కొయ్యడానికి వీల్లేదు."

ఆయన నావైపు చూశాడు. ఆవిడా నావైపే చూసింది. కొయ్యకుండా తెలుసుకునే దారి లేదా అని అడిగింది. తియ్యటి మాటలు నాకు రావు. వచ్చినా ఆ మనిషికి చెప్పను. "లేదు," అన్నాను. "పైన గీతలు అలాగే ఉంటాయి. కింద నడుము ఎత్తు దాకా పోతాయి."

ఆవిడ అరచేత్తో ఆ ఆకుపచ్చ చారల్ని కాసేపు నిమిరింది. "అయితే నేను చూస్తుండగా కొయ్యండి," అంది.

ఆ వారంలోనే, ముందుగా కప్పు కింద ఇనుప దన్నులు పెట్టి, విచారణలోని సాల్వడార్ వడ్రంగి పలకలు ఊడదీశాడు. సగం విచారణ గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. పలకలు రాగానే ముక్కిన వాసన గుప్పున కొట్టింది. మాను మొదలు నల్లగా, తడిసిన బెల్లం అచ్చులా ఉంది. వేలితో నొక్కితే దిగిపోయింది. పైన చూస్తే ఎముకలా గట్టిగా, పసుపుపచ్చగా ఉంది.

"ఇక్కడికి నీళ్ళెలా వచ్చాయి?" అని ఇంజినీరు తల గోక్కున్నాడు. "పైకప్పు కారడం లేదు. పైపులూ లేవు. బయటి నుంచీ రావడం లేదు."

నాకు జల్లున పడే బకెట్లు, చీపుళ్ళు, పాటలు కళ్ళముందు కనబడ్డాయి. నేల వాలు ఎటో నీళ్ళూ అటే. మన నాపరాళ్ళ ఇంట్లో తూము ఉంటుంది, నీళ్ళు వీధిలోకి పోతాయి. ఇక్కడ తూము లేదు. పలకల సందుల్లోంచి దిగి, మాను మొదట్లో చేరి, ఎండే దారి లేక అక్కడే ఉండిపోయాయి, ఏటేటా. నేను జన్మలో మొదటిసారి, తెలిసిన సమాధానాన్ని మింగి నిలబడ్డాను. పెద్దావిడని చూడకూడదనుకుంటూనే చూశాను. ఆవిడ మొహం తెల్లబోయింది. ఆవిడకీ తెలిసిపోయింది.

ఆవిడ ఒక అడుగు ముందుకి వేసింది. అందరికీ వినబడేలా, ముందు స్పానిష్‌లో, తర్వాత ఇంజినీరు కోసం ఫ్రెంచిలో అంది: "నేను పోశాను. ఏటా నేనే పోశాను."

అబ్బ, ఏం మనిషండీ! గొంతు వణకలేదు, తల దించలేదు. తన భర్త గీతల్ని తన బకెట్టే కోయించిందని అర్థమైన క్షణంలో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి? గుమ్మంలో ఎవడో ఏదో గొణిగాడు. నాకు పూనకం వచ్చినంత పనైంది.

"ఎవరది? నీ ఊళ్ళో మీ అమ్మ గుడి కడగలేదూ?" అని అరిచాను. "మా అమ్మ కడిగింది. మనందరి అమ్మలూ కడిగారు. రాతి నేలల మీద నడిచి వచ్చినవాళ్ళం, దేవుడింటిని కడగడం అంటే అదే తెలుసు మనకి. ఇది చెక్క నేల అని ఆవిడకి చెప్పాల్సింది ఎవరు? నేను ఆ బెంచీ మీద కూర్చుని చూశాను, ఇంజినీరుని!"

నా ఫ్రెంచి ఎంతవరకు ఎక్కిందో గానీ గొణుగుడు ఆగిపోయింది. ఇంజినీరు చేతులు దులుపుకుని, "కారణం దొరికింది కదా. ఇంక ఇది గోడ సమస్య కాదు. రిపోర్టు తిరగరాస్తాను," అన్నాడు. రెండు చేతులతో మొహం కప్పుకుని, పెద్దావిడ అప్పుడు ఏడ్చింది.

రిటైరైన దాన్ని, నక్షా మీద సంతకం పెట్టే హక్కు నాకు లేదు. సంతకం ఆ ఇంజినీరుది. కానీ లెక్కలు మాత్రం నన్ను కూడా వేసి చూడమని ఆయనే అడిగాడు. మా భోజనాల బల్ల మీద పప్పు గిన్నె పక్కకి జరిపి, మంచు బరువెంత, కప్పు బరువెంత, ఆ ఒక్క మాను మీద ఎంత పడుతుంది, అన్నీ మళ్ళీ మొదటి నుంచీ వేశాను. ఆయన లెక్కా నా లెక్కా కలిశాయి. ఆ రోజు మా ఆయన వంట చేశారు, నేను కూనిరాగం తీశాను. ఎండాకాలమంతా విచారణ మగవాళ్ళు, పగలు ఇంకొకరి ఇళ్ళు కట్టి వచ్చి, సాయంత్రాలు తమ గుడి నిలబెట్టుకున్నారు. కుళ్ళిన మొదలు కోసేసి, కింద కాంక్రీటు దిమ్మె పోసి, ఇనుప పాదం మీద కొత్త దుంగ నిలిపి, పాత మానుకి అతికారు. వాళ్ళ పనితనం చూస్తుంటే, వెనకటి వడ్రంగులు లేచి వచ్చి చూసినా తల ఊపి వెళ్తారనిపించింది. ఇప్పుడు చెప్పండి, అది స్పానిష్ చర్చి అవునా కాదా?

చలి మొదలయ్యేలోపు గుడి తెరిచారు. మొదటి పూజకి పట్టనంత జనం వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కుడివైపు చేరారు. కుడివైపు బెంచీలు నిండి, గోడ వారగా నిలబడుతున్నారు గానీ, ఎడమవైపు స్తంభం చుట్టూ ఒక్క మనిషి లేడు. పలకలు ఇంకా బిగించలేదు. కింద కొత్త దుంగ లేత రంగులో బయటికే కనబడుతోంది, దానిపైన పెద్దావిడ భర్త గీసిన పాలరాయి. జనం దానివైపు ఓరగా చూసి, పిల్లల్ని దగ్గరికి లాక్కుంటున్నారు. ఫాదర్ గారు పీఠం దగ్గర నిలబడి ఏం చేయాలో తోచక చూస్తున్నారు. తలుపులు తెరిచాం, కప్పు నిలబెట్టాం, దాని కింద కూర్చునేవాళ్ళు లేకపోతే అది గుడెలా అవుతుంది?

నేను వేసిన లెక్క కింద నేనే కూర్చోకపోతే ఎవరు కూర్చుంటారు? వెళ్ళి నా బెంచీలో కూర్చున్నాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చుంటూ, "లెక్క సరిగ్గానే వేశావుగా?" అన్నారు. బెంచీ చుట్టూ అంతా ఖాళీయే.

అప్పుడు పెద్దావిడ నడవలోకి వచ్చింది. మనవరాలి చేతిలో నెలల పిల్ల నిద్రపోతోంది. ఆ పిల్లని తీసుకుని భుజాన వేసుకుంది. కుడివైపు జనం జరిగి ఆవిడకి చోటు చేశారు. ఆవిడ వాళ్ళని చూడనైనా చూడలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"ఇంజినీరమ్మా, ఎంతకాలం నిలబడుతుంది?"

"ఈ పిల్ల మనవళ్ళకి పెళ్ళిళ్ళయ్యేదాకా," అన్నాను.

ఆవిడ తలూపింది. వంగి, పిల్లని బెంచీ చివర, దుప్పటి మడతేసి, ఆ స్తంభం మొదట్లో పడుకోబెట్టింది. కొత్త దుంగకి పిల్ల తల దాదాపు ఆనింది. తర్వాత నడుం నిఠారు చేసి, కుడివైపు తిరిగి, ఒకే ఒక్క మాట అరిచింది. కూర్చోండి అని.

బెంచీలు చప్పుడు చేశాయి. ఒక్కొక్కరే నడవ దాటి ఎడమవైపుకి రావడం మొదలుపెట్టారు. పాట అందుకున్నారు. నా కెరీరంతా కట్టడాల కింద సంతకాలు పెట్టాను, ఒక్కదానికీ ఇంతటి సాక్ష్యం దొరకలేదు. పూజ అయ్యేదాకా నేను పీఠం వైపు చూస్తే ఒట్టు. ఆ పిల్ల పొట్ట ఎత్తుగా, మెల్లిగా, పైకీ కిందికీ కదలడమే చూస్తూ కూర్చున్నాను. ఆ గర్వంలో ఒక్క పాటకీ గొంతు కలపడం మర్చిపోయాను.